మాదిరి నాళిక నంబర్ ఒకటి

తూముపాడు టౌనులో నిశ్శబ్ద సాధనా సంస్థ ఆఫీసును పదివేల వాలా పేల్చి ప్రారంభించారు. నాలుగు డీజే బాక్సులు పెట్టారు. రెండు డప్పు దళాలు, ఒక బ్యాండు మేళం వచ్చాయి. ఒక నాయకుడు మైకు పట్టుకుని నిశ్శబ్దం గొప్పతనం గురించి గంటన్నర సేపు అరిచాడు. పక్కవీధిలో ఉన్న ప్రసూతి ఆసుపత్రిలో ఆ పూట పుట్టిన ముగ్గురు పిల్లలూ ఏడవడం మర్చిపోయి గుడ్లు మిటకరించుకుని చూశారని నర్సులు చెప్పుకున్నారు.

సంగతేమంటే, రాష్ట్రంలోకెల్లా నిశ్శబ్దంగా ఉండే పట్టణానికి బహుమతి ఇస్తామని పైనుంచి కాయితం వచ్చింది. బహుమతి అనగానే మనవాళ్లకి పూనకం వస్తుంది గదా. వెంటనే ఊళ్లో చప్పుడు చేసేవాళ్ల జాబితా రాశారు. కల్యాణ మండపాల డీజేలు. అవి పెద్దమనుషులవి, కొట్టేశారు. ప్రచార మైకులు. అవి ఇంకా పెద్దమనుషులవి, అవీ కొట్టేశారు. జనరేటర్లలో అన్నిటికంటే పెద్దది ఆ ఆఫీసు వెనకే ఉంది. అలా కొట్టేసుకుంటూ పోతే జాబితాలో చివరికి ఒకే ఒక్క పేరు మిగిలింది. ఇంటిముందు రేకుల పంచన కార్లకీ వ్యాన్లకీ సైలెన్సరు గొట్టాలు వంచుకుని బతికే కాశింవలి పేరు.

కాశింవలి మీద అంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. డుగ్గుడుగ్గుమనే గొట్టం కావాలని ఎవడైనా కుర్రాడు బండేసుకుని వస్తే, "ముందు మీ అమ్మను తీసుకురా, ఆవిడ చెవి పక్కన పెట్టి వాయించి చూపిస్తా" అనేవాడు. వాడు మళ్లీ కనపడేవాడు కాదు. కంపెనీవాళ్లు ఎప్పుడో తయారీ మానేసిన పాత బండ్లకి సామాను దొరకదు. అలాంటి వాటికే అతను గొట్టం వంచి, అతికి, బిగించి ఇచ్చేవాడు.

ఉత్త గొట్టాన్ని వంచితే నలిగిపోతుంది, మూల దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని కాశింవలి సన్న ఇసకను జల్లెడ పట్టి, పెనం మీద వేయించి, తేమ లేకుండా చేసి, గొట్టంలో పోసి దట్టించేవాడు. సుత్తితో తట్టి చప్పుడు వినేవాడు. ఖంగుమంటే ఇంకా ఖాళీ ఉన్నట్టు. ధబ్బుమంటే సరిపోయినట్టు. రెండు కొసలకీ చెక్కబిరడాలు దిగగొట్టి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, పసిపిల్ల చెయ్యి వంచినంత నెమ్మదిగా వంచేవాడు. చల్లారాక బిరడాలు ఊడబీకి ఇసక పారబోస్తే లోపలి రంధ్రం గుండ్రంగా, ఎక్కడా నొక్కు లేకుండా ఉండేది. తన తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. నలభై ఏళ్లుగా చేస్తున్నాడు.

ఆ సోమవారం పొద్దున అతని బల్ల మీదున్నది దేవదానం వ్యాను గొట్టం. దేవదానం పక్క బజారువాడు. ఆ వ్యానులో వారానికి రెండుసార్లు, మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి, ఐదుగురు కిడ్నీ రోగుల్ని పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న డయాలసిస్ ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఒక్క పూట తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండు పూటలు తప్పితే ఊపిరాడదు. మూడో పూట సంగతి ఎవరూ నోటితో అనరు. పాత గొట్టం తుప్పుపట్టి పొగంతా రోగులున్న వైపే కొడుతోందని, రేపటికల్లా కొత్తది బిగించి ఇవ్వాలని దేవదానం పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

గొట్టం వంచడం అయింది. చల్లారుతోంది. ఇసక ఇంకా లోపలే ఉంది. సరిగ్గా అప్పుడు జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు కోదండపాణి గారు, నిశ్శబ్ద సాధనాధికారి. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో చప్పుడు కొలిచే మీటరు.

"స్వగృహ నిర్మిత ధూమనిర్గమ నాళికల క్రమబద్ధీకరణ నిబంధనల ప్రకారం ఆకస్మిక తనిఖీ," అన్నాడు.

"ఏం నిర్గమం సార్?" అన్నాడు కాశింవలి.

"సైలెన్సరయ్యా!"

"ఆ. అదైతే ఇదిగో. పది నిమిషాలాగితే ఇసక తీసి..."

"ముట్టుకోకు!" కోదండపాణి చెయ్యెత్తాడు. "తనిఖీ అధికారి అడుగుపెట్టిన క్షణంలో వస్తువు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో పరీక్షింపబడాలి. యథాతథంగా బండికి అమర్చు."

"లోపల ఇసక ఉంది సార్."

"అది అంతర్గత విషయం. మా పరిధి బహిర్గతం. శబ్దం, ధూమం. ఆ రెండే."

"అడ్డం చెప్పకయ్యా," అంది వాకిట్లో బియ్యం ఏరుకుంటున్న కాశింవలి భార్య జాన్‌బీ. "పెట్టి చూపించు. వాళ్లకే తెలుస్తుంది."

తెలుస్తుందనే కాశింవలీ అనుకున్నాడు. ఇసక గొట్టాన్ని బిరడాలతో సహా వ్యాను కింద బిగించాడు. దేవదానం తాళం తిప్పాడు. పొగ పోవడానికి దారి లేనప్పుడు ఇంజను ఎట్లా అంటుకుంటుంది? గిర్రు గిర్రుమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. గిర్రు గిర్రుమంది. ఊరుకుంది.

కోదండపాణి గొట్టం కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మీటరు పెట్టాడు. చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"శబ్దం, శూన్యం," అన్నాడు. తెల్ల రుమాలు గొట్టం కొసకి అడ్డం పెట్టి తీశాడు. మల్లెపువ్వులా ఉంది. "ధూమం, శూన్యం!"

"సార్, ఆ గిర్రు గిర్రు..." అన్నాడు దేవదానం.

"అది సెల్ఫు మోటారు. విద్యుత్ సంబంధం. మాకు రాదు." కోదండపాణి లేచి కాశింవలి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో శూన్యం అనే అంకె చూడలేదయ్యా. కంపెనీలు కోట్లు పోసి చెయ్యలేనిది నువ్వు రేకుల పంచలో చేశావు. దీన్ని మాదిరి నాళిక నంబర్ ఒకటిగా గుర్తిస్తున్నాను."

కాశింవలి నోరు తెరిచేలోపల జీపులోంచి దిగిన బంట్రోతు గొట్టానికి, దాని బోల్టులకి కలిపి తీగ చుట్టి సీసం సీలు నొక్కేశాడు. గ్యాసు మంట పెట్టెకి కూడా ఒక సీలు వేశాడు. ఆమోదం పొందిన నాళికను మార్చినా, విప్పినా, అది లేకుండా బండి తిప్పినా వ్యాను ప్రభుత్వ జప్తు, కాశింవలి పనిముట్లన్నీ జప్తు, ఆర్నెల్లు జైలు అని కాయితం చదివి చేతికిచ్చాడు.

మధ్యాహ్నం కాశింవలీ దేవదానమూ ఆఫీసుకి పోయారు. కోదండపాణి లేచి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు.

"అయ్యా, ఇసక తీస్తేనే బండి నడుస్తుంది," అన్నాడు కాశింవలి.

"నడిస్తే శబ్దం వస్తుందా?"

"కాస్తో కూస్తో వస్తుంది గదా సార్."

"మరి?"

ఆ ఒక్క ముక్క అని కోదండపాణి వెనక్కి వాలాడు. లోకంలో ఉన్న తెలివంతా ఆ ముక్కలో ఉందన్నట్టు వాలాడు. తర్వాత దయతలిచి వివరించాడు. "వాహన చలనం రవాణా శాఖ చూసుకుంటుంది. రోగులు ఆరోగ్య శాఖ. ఇసక గనుల శాఖ. నా ముందున్నది నాళిక. నాళిక నిర్దోషి."

"రేపు ఐదుగురు మనుషులు డయాలసిస్‌కి పోవాలి సార్," అన్నాడు దేవదానం. "ఒకాయనకి డెబ్భై ఏళ్లు."

"అర్జీ పెట్టుకో. నలభై ఐదు పనిదినాల్లో పరిశీలిస్తాం."

మంగళవారం సంత. ఊళ్లో ఆటోలన్నీ సంతకే పోయాయి. దొరికిన ఒక్క ఆటోలో ముగ్గురికే చోటు. ముగ్గురు ఆడవాళ్లని ఎక్కించి ఇద్దరు ఆగిపోయారు. ఒకాయన పిచ్చయ్య మాస్టారు, రిటైరై పన్నెండేళ్లయింది. రెండోవాడు గాబ్రియేలు, ముప్ఫై ఏళ్లు ఈ ఊరి మురిక్కాలవలు తీసినవాడు.

"ఏం పర్లేదు కాశిం," అన్నాడు మాస్టారు అరుగు మీద కూర్చుని. "శనివారం పోదాం. అప్పటిదాకా నేను నీళ్లు తాగను, మీ ఆఫీసరుగారు బుర్ర వాడరు. ఇద్దరం పథ్యం చేస్తాం."

నవ్వాడు గానీ అప్పటికే ఆయన పాదాల మీద చెప్పు పట్టీ అచ్చుపడి గుంట పూడటం లేదు. కాశింవలి ఆ గుంట చూశాడు. తన చేతుల్తో వంచిన గొట్టం అది, తన చేతుల్తో దట్టించిన ఇసక.

వీధిలో గుంత పూడ్చమంటే మూడేళ్లు తీసుకునే ఊరు ఇది. ఈ విషయంలో మాత్రం మూడు రోజులు పట్టలేదు. బుధవారం సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. పట్టణ పరిధిలోని సమస్త వాహనాలకూ మాదిరి నాళిక నంబర్ ఒకటి పద్ధతిలో ఇసక నింపవలెను. గురువారం కల్యాణ మండపంలో శిక్షణా శిబిరం. కాశింవలిని జీపులో ఎక్కించి తీసుకుపోయి, శాలువా కప్పి, స్టేజీ మీద కూర్చోబెట్టారు.

"ఆవిష్కర్త నాలుగు మాటలు చెబుతారు," అన్నాడు కోదండపాణి.

"ఇసక తీసెయ్యాలి," అన్నాడు కాశింవలి మైకులో. రెండే మాటలు.

"వినయం!" అన్నాడు కోదండపాణి మైకు లాక్కుని. సభ చప్పట్లు కొట్టింది.

ఇళ్లు కట్టుకునేవాళ్లకి ఆర్నెల్లుగా దొరకని ఇసక ఆ పూట లారీల్లో వచ్చి పడింది. మొట్టమొదట అంబులెన్సుకే నింపారు, ప్రజలకు ఆదర్శంగా ఉండాలని. శుక్రవారానికి బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు, ఫైరింజను అన్నీ అయిపోయాయి. ఊరు మూగబోయింది. ప్రమాదాలు శూన్యం. పొగ శూన్యం. డీజిలు ఖర్చు శూన్యం. ప్రతి శూన్యాన్నీ ఒక విజయంగా ఫైల్లో రాసుకున్నారు.

అయితే ఆఫీసర్లు నడవరు గదా. కార్లు కదలాలి గదా. దానికీ దారి కనిపెట్టారు. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల్ని కారుకి పన్నెండు మంది చొప్పున తోపుడు సిబ్బందిగా వేశారు. లోపల ఒక దొర, వెనక పన్నెండు మంది మనుషులు. కాలవలు తీసే చేతులే కార్లు తోశాయి. నడవని బండికి డ్రైవరెందుకని డ్రైవర్లని ఇంటికి పంపేశారు. దొరలే స్టీరింగు పట్టుకున్నారు. తోసేటప్పుడు "ఐలేసా" అనకూడదని ప్రత్యేకంగా సర్క్యులరు ఇచ్చారు.

శనివారం తెల్లారింది. గాబ్రియేలు మొహం ఉబ్బి కళ్లు గీతల్లా అయ్యాయి. మాస్టారు పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

"ఏమయ్యా, ఏం చేద్దామనుకుంటున్నావు?" అంది జాన్‌బీ.

"తోసుకుపోతాం."

"పద్నాలుగు కిలోమీటర్లా?"

"సీలు తెంపితే వ్యాను పట్టుకుపోతారు. ఇవాళొక్కటే కాదు, వచ్చే వారం కూడా వాళ్లు పోవాలి గదా."

ఐదుగురినీ వ్యానులో కూర్చోబెట్టారు. దేవదానం స్టీరింగు పట్టాడు. కాశింవలి, జాన్‌బీ, వీధిలోవాళ్లు ఇంకో ఎనిమిది మంది వెనక భుజాలు ఆనించారు. ఊరు దాటడానికి రెండు గంటలు పట్టింది. ఊరి చివర రైలు పట్టాల మీద రోడ్డు వంతెన ఉంది. ఏనుగు వీపులా లేచి ఉంటుంది. సగం ఎక్కేసరికి జనానికి కాళ్లు జారాయి. ఒక అడుగు పైకి, రెండడుగులు కిందికి. చక్రాల కింద రాళ్లు పెట్టి ఆపారు.

కాశింవలి ఎగపోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపల మాస్టారు నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు, ఈల వేసినట్టు వస్తోంది.

"కాశిం," అన్నాడు మధ్యమధ్య ఆగుతూ. "తోసేవాళ్లు... ఎగపోస్తున్నారు. కూర్చున్నవాణ్ణి... నేనూ ఎగపోస్తున్నా. బండి మాత్రం... మహా ఆరోగ్యంగా ఉందిరా."

అప్పుడే వెనకనుంచి పన్నెండు మంది తోస్తున్న తెల్లకారు వచ్చి ఆగింది. ముందు సీట్లో కోదండపాణి స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. పక్కన పైనుంచి వచ్చిన బహుమతి కమిటీ అధ్యక్షుడు. ఊరి నిశ్శబ్దాన్ని వంతెన మీదనుంచి చూపిద్దామని తీసుకొస్తున్నాడు.

"దారి వదలండి!" అన్నాడు కోదండపాణి గొంతు తగ్గించి. "కమిటీ!"

కాశింవలి ఆయన్ని చూశాడు. వ్యానులోకి చూశాడు. దేవదానం సీటు కిందనుంచి ఇనుము కోసే రంపం తీసుకుని వ్యాను కిందికి దూరాడు.

"ఏం చేస్తున్నావు? కాశింవలీ! సీలు! ఆర్నెల్లు!"

"సీలు ముట్టుకోను సార్," అంది వ్యాను కిందనుంచి గొంతు.

సీలున్న బోల్టులకి జానెడు పైన, ఇంజను దగ్గర పాత గొట్టం ముక్క ఒకటుంది. దాన్ని కోశాడు. పది నిమిషాలు పట్టింది. తుప్పు కళ్లల్లో రాలింది. మాదిరి నాళిక నంబర్ ఒకటి ఇసకతో, బిరడాలతో, తీగతో, సీసం ముద్రతో సహా ధబ్బుమని రోడ్డు మీద పడింది. కాశింవలి దాన్ని రెండు చేతులా ఎత్తుకుని కారు దగ్గరికి పోయి, కిటికీలోంచి అధ్యక్షుడి ఒళ్లో పెట్టాడు.

"మీదే సార్. జాగ్రత్త, బరువు. జప్తు రాసుకోండి, నా పనిముట్లన్నీ రాసుకోండి. నేను శనివారం సంగతి చూస్తా, మీరు మిగతా వారాల సంగతి చూసుకోండి."

దేవదానం తాళం తిప్పాడు. చిటుక్కుమంది, అంతే. వారంగా తిప్పి తిప్పి బ్యాటరీ చచ్చింది.

"వంతెన పైకి చేరిస్తే చాలన్నా," అన్నాడు దేవదానం. "అవతలి దిగుడులో గేరేసి అంటించేస్తా."

పైకి చేర్చాలి. తోస్తూ వచ్చిన పది మందికీ ఇక సత్తువ లేదు.

తెల్లకారు వెనక ఉన్న పన్నెండు మందిలో ముందు నిలబడ్డది సామ్రాజ్యం. కాలవల గ్యాంగులో గాబ్రియేలు దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఆవిడ చెయ్యి ఇంకా కారు మీదే ఉంది, చూపు మాత్రం వ్యాను వెనక అద్దంలో ఉబ్బిన ఆ మొహం మీద ఉంది.

"సార్, ఒక్క నిమిషం బ్రేకు తొక్కి పట్టుకోండి," అంది.

"ఎందుకు?"

"మేం వదిలేస్తున్నాం గనక."

కోదండపాణి రెండు కాళ్లతో బ్రేకు తొక్కి, రెండు చేతులతో చేతిబ్రేకు లాగి పట్టుకున్నాడు. పన్నెండు మంది వచ్చి వ్యానుకి భుజాలు ఆనించారు. సామ్రాజ్యం గొంతెత్తి "ఐలేసా!" అంది. సర్క్యులరు వచ్చాక ఊళ్లో ఆ మాట వినపడటం అదే మొదలు. ఇరవై ఒక్క మంది అందుకున్నారు. వ్యాను శిఖరానికి చేరింది, అవతలికి వాలింది, పరుగందుకుంది. కాశింవలి పక్క తలుపు పట్టుకుని ఎక్కేశాడు, దేవదానం క్లచ్చి వదిలాడు.

సైలెన్సరు లేని ఇంజను ఎట్లా అరుస్తుందో మీకు తెలుసు. ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. రెండు రోజులుగా పొయ్యి మీద కుక్కరు కూతకి కూడా ఉలిక్కిపడుతున్న జనం ఆ అరుపు విని పిల్లల్ని ఎత్తుకుని చూపించారు.

ఆసుపత్రి ఆవరణలో 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు ఉంది. వ్యాను సరిగ్గా దానికిందే ఆగింది, ఇంజను మాత్రం ఆగలేదు. లోపలికి గాబ్రియేలునీ మాస్టారినీ స్ట్రెచర్ల మీద తీసుకుపోయారు. అరగంటకి హెడ్ నర్సు చెవులు మూసుకుని బయటికొచ్చింది.

"ఏంటయ్యా ఈ గోల? ఆపండి!"

"ఆపితే మళ్లీ అంటుకోదమ్మా," అన్నాడు కాశింవలి. "బ్యాటరీ చచ్చింది. ఇక్కడ దిగుడు లేదు. ఐదుగుర్నీ ఇంటికి చేర్చాలి."

ఆవిడ వ్యానుని చూసింది. తుప్పు రాలిన అతని మొహం చూసింది. "నాలుగు గంటలు పడుతుంది మరి," అంది.

"డీజిలుంది."

"పెద్దాయన ఏమన్నారో తెలుసా? సూది గుచ్చుతుంటే అడిగారు, బండి మోత వినిపిస్తోందా, నా చెవులేనా అని." ఆవిడ లోపలికి పోయి ఆ వైపు కిటికీ రెక్కలు వేసింది. మాస్టారి మంచం పక్కనున్న రెక్క ఒక్కటి తెరిచే ఉంచింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక కాశింవలి జేబులో ఫోను కదిలింది. కోదండపాణి. కాశింవలి ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఆనించుకున్నాడు.

"కాశింవలీ! వంతెన మీదే ఉన్నామయ్యా! కాలు తీస్తే కారు వెనక్కి పోతోంది! తోపుడు సిబ్బంది తిరిగి రాలేదు! అధ్యక్షులవారి ఒళ్లో నీ గొట్టం, ఆయన దిగలేకపోతున్నారు! ఎవరినైనా పంపు!"

"ఆ? ఏంటి సార్?"

"మనుషుల్ని పంపమంటున్నా!"

"కొంచెం గట్టిగా చెప్పండి సార్," అన్నాడు కాశింవలి. "ఇక్కడ బండి నడుస్తోంది."